కేసు కొట్టేశారు: పైకోర్టుకు వెళ్లే ముందు

తీర్పు చెప్పే రోజు కోర్టు హాల్లో ఎక్కువసేపు పట్టదు. ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగిన కేసు కొద్ది నిమిషాల్లో ముగిసిపోతుంది. నంబరు పిలుస్తారు, నిందితులు ముందుకొచ్చి నిలబడతారు, నేరం రుజువు కాలేదని జడ్జిగారు చెబుతారు. అటువైపు వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఇటువైపు బెంచీ మీద కూర్చున్న తండ్రికి ఏం జరిగిందో వెంటనే అందదు. పక్కనున్నవాణ్ని అడుగుతాడు: "ఏమన్నడు జడ్జి సాబ్?"

"కొట్టేసిండ్రు, కాకా."

మెదక్ నుంచి రామాయంపేట మీదుగా నిజాంపేటకు ఆ సాయంత్రం బస్సులో తిరిగొచ్చే కుటుంబం కోసం రాస్తున్న అధ్యాయం ఇది. కూతుర్ని పోగొట్టుకున్న వాళ్లు, పొలం గట్టు తగాదాలో అన్న తల పగిలిన వాళ్లు, కట్నం వేధింపులతో పుట్టింటికి చేరిన ఆడపిల్లలు. కేసు ఏదైనా, ఆ రాత్రి ఇంట్లో వినిపించే మాటలు దాదాపు ఒకటే. ఒకరు డబ్బులు తిన్నారంటారు. ఒకరు మనల్ని అబద్ధాలకోరుల్ని చేశారంటారు. ఎవరో ఒక కుర్రాడు, కళ్లు ఎర్రగా చేసుకుని, కోర్టుతో పనేంది, మనమే చూసుకుందాం అంటాడు. ఆ మూడో మాట అన్న పిల్లవాణ్ని ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పెద్దవాళ్లు చేయాల్సిన మొదటి పని అదే. ఒక కేసులో న్యాయం అందని ఇంటి మీద ఇంకో కేసు పడితే ఆ ఇల్లు లేవదు.

రెండో పని, మర్నాడే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టించడం. అప్పీలుకు పోవాలా వద్దా అన్నది ఆ రోజే తేల్చుకోనక్కర్లేదు. కాపీ చేతికి రాకుండా, చదవకుండా, ఎవరు ఏం చెప్పినా తలూపకండి. "హైకోర్టులో నాకు తెలిసినాయన ఉన్నడు, పక్కా గెలుస్తం" అనేవాళ్లు ఆ వారంలోనే ఇంటికొస్తారు. తీర్పు చదవకుండా గెలుపు ఖాయమని చెప్పే మనిషికి మీ కేసు గురించి ఏమీ తెలియదు.

కొట్టేయడం అంటే ఏమన్నట్టు?

క్రిమినల్ కోర్టు తనను తాను వేసుకునే ప్రశ్న ఒక్కటే. ఈ మనిషే ఈ నేరం చేశాడని ప్రాసిక్యూషన్ వాళ్లు సహేతుకమైన సందేహానికి తావు లేకుండా రుజువు చేశారా? చేసి ఉండొచ్చు అంటే చాలదు. ఊరంతా నమ్మినా చాలదు. కళ్లారా చూసిన సాక్షి లేని కేసుల్లో అయితే కొలత మరీ కఠినం. 1984లో శరద్ బిర్దీచంద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు ఆ కొలతను అయిదు సూత్రాలుగా చెప్పింది. ప్రతి పరిస్థితీ విడివిడిగా రుజువు కావాలి, అన్నీ కలిసి నిందితుడి వైపే చూపాలి, వేరెవరో చేసి ఉండొచ్చన్న ఊహకు చోటుండకూడదు. నలభై ఏళ్లుగా దేశంలో ప్రతి సెషన్స్ జడ్జీ ఆ కొలతతోనే చూస్తున్నారు.

కాబట్టి మీ కేసు కొట్టేశారంటే మీ బిడ్డ చనిపోలేదని కాదు, మీరు అబద్ధం చెప్పారనీ కాదు. చాలా తీర్పుల్లో చివరి పేజీకి ముందు "సంశయ లాభం ఇస్తున్నాను" అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. దాన్ని వెతికి చదివించుకోండి. సాక్షులు కల్పించి చెప్పారని కోర్టు నమ్మిందా, లేక నిజమే చెప్పి ఉండొచ్చు కానీ రుజువు సరిపోలేదని అందా? ఈ రెంటికీ తేడా అప్పీలులోనూ ఉంటుంది, మీ మనసుకూ ఉంటుంది. కోర్టు తమను నమ్మలేదన్న బాధతో ఊళ్లో తలెత్తుకోలేక తిరిగే తల్లిదండ్రులు ఉన్నారు. తీర్పులో ఆ మాట లేనే లేదని ఎవరైనా కూర్చోబెట్టి చదివి చెబితే వాళ్ల మనసు కొంత కుదుటపడేది. చదివి చెప్పేవాళ్లే దొరకరు.

పైకోర్టు ఏం చూస్తుంది?

మన ఊళ్లలో చాలామంది అనుకునేది, పైకోర్టులో కేసు మళ్లీ మొదటి నుంచి నడుస్తుందని. సాక్షులు మళ్లీ వస్తారని, ఈసారి గట్టిగా చెప్పొచ్చని. అలా జరగదు. కింది కోర్టులో రికార్డయిన కాగితమే పైకోర్టు ముందుంటుంది. సాక్షి తడబడ్డాడా, కళ్లలోకి చూసి చెప్పాడా, లాయరు అడిగేసరికి నీళ్లు నమిలాడా అన్నవి చూసింది కింది జడ్జిగారు మాత్రమే. అందుకే 1934లోనే ప్రీవీ కౌన్సిల్ షియో స్వరూప్ కేసులో ఒక దారి చూపింది. కింది కోర్టు వదిలేసిన కేసులో సాక్ష్యం మొత్తాన్ని తిరిగి తూచే అధికారం హైకోర్టుకు పూర్తిగా ఉంది. అయితే సాక్షుల విశ్వసనీయత గురించి కింది జడ్జి అన్నదానికి విలువ ఇవ్వాలి, నిందితుడు నిర్దోషి అన్న భావనను మరిచిపోకూడదు.

ఇప్పటికీ లాయర్ల నోళ్లలో నలిగేది 2007 నాటి చంద్రప్ప కేసు, కర్ణాటక నుంచి వెళ్లింది. అందులో సుప్రీంకోర్టు మాట సారాంశం ఇదీ: చట్టం ప్రతి నిందితుణ్నీ నిర్దోషిగానే చూస్తుంది. కింది కోర్టు వదిలేశాక ఆ భావన రెట్టింపు బలపడుతుంది. అదే సాక్ష్యం నుంచి రెండు రకాల నిర్ణయాలు సహేతుకంగా వచ్చే వీలుంటే, కింది కోర్టు ఎంచుకున్నదాన్ని పైకోర్టు కదపకూడదు. 2023లో హెచ్.డి. సుందర కేసులో ఇంకాస్త బిగించి చెప్పింది. నేరం రుజువైంది అన్నది తప్ప మరో నిర్ణయం సాధ్యమే కాదని తేలితేనే నిర్దోషి తీర్పును తిప్పాలి.

ఇది బాధితులకు అన్యాయం కాదా అని అడుగుతారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఈ సూత్రం ఎందుకుందో మన దగ్గరి కేసే చెబుతుంది. 2007 డిసెంబర్‌లో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో హాస్టల్లో ఒక బీఫార్మసీ విద్యార్థిని దారుణంగా హత్యకు గురైంది. మరుసటి ఏడాది పోలీసులు ఒక పేద యువకుణ్ని పట్టుకున్నారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు ఆ సాక్ష్యం నిలబడదని కొట్టేసి, అతనికి పరిహారం ఇమ్మంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. ఆ అమ్మాయి తల్లిదండ్రులే మొదటి నుంచీ ఇతను కాదు, అసలువాళ్లు వేరే ఉన్నారని అంటూ వచ్చారు. బలహీనమైన సాక్ష్యంతో శిక్ష పడితే ఆ రోజు ఎవరికో ఊరట దొరికినట్టుంటుంది. చనిపోయిన పిల్లకు మాత్రం న్యాయం జరగదు, తప్పించుకున్నవాడు నిశ్చింతగా ఉంటాడు.

దీనికి రెండో వైపు కూడా గట్టిగానే ఉంది. అది చెప్పింది మన తెలుగు జడ్జిగారే. 1979 లా రిపోర్టుల్లో ఉన్న కె. గోపాల్‌రెడ్డి వర్సెస్ ఆంధ్రప్రదేశ్ తీర్పు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి రాసింది. కింది కోర్టు ఊహల్లోంచి పుట్టిన అనుమానాలతో నమ్మదగిన సాక్ష్యాన్ని తోసేసినా, అల్పమైన కారణాలకు సాక్షుల్ని పక్కన పెట్టినా, జోక్యం చేసుకోవడం హైకోర్టు బాధ్యత అని ఆయన స్పష్టంగా చెప్పారు. అప్పీలుకు పోయేవాళ్లు తమ లాయరును అడగాల్సిన మొదటి మాట ఇక్కడే ఉంది: జడ్జిగారికి వచ్చిన అనుమానం సహేతుకమా, ఊహా?

ఈ తీర్పులు కాగితం మీద ఉండిపోలేదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. కింది కోర్టు వేసిన శిక్షల్ని 1998లో హైకోర్టు కొట్టేసింది. ఆ కుటుంబాలు వదల్లేదు. 2008 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ప్రధాన నిందితుడికి జీవిత ఖైదు వేసింది. ఇరవై మూడేళ్లు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపిన కేసు దారి వేరు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించారు. 2007 జులై 31న ఇరవై ఒక్క మందికి జీవిత ఖైదు పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. చనిపోయిన సమయం, చోటు, కొట్టింది ఎవరన్నది ప్రాసిక్యూషన్ తేల్చలేకపోయిందన్నది అందులో ముఖ్యమైన కారణం. పట్టపగలు, ఊరందరి కళ్ల ముందు వెంటాడి చంపిన కేసు అలా అయింది. అది చదివితే ఇప్పటికీ కడుపు రగులుతుంది. అయినా ఆ తీర్పు నుంచి మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఎంత పెద్ద ఘోరమైనా, కోర్టులో ఫలానావాడు, ఫలానా చోట, ఫలానా దెబ్బ కొట్టాడు అన్న చిన్న చిన్న వాక్యాల మీదే నిలబడుతుంది. ఆ వాక్యాలు మొదటి రోజే కాగితం మీదికి రావాలి.

తీర్పు చదవడం ఎలా?

ఈ పని లాయరుదే, కానీ మీరు పక్కన కూర్చోవాలి. తీర్పులో మీ సాక్షులు పీడబ్ల్యూ-1, పీడబ్ల్యూ-2 అని ఉంటారు. కాగితాలు ఎగ్జిబిట్ పి-1, పి-2. కర్ర, చీర, సెల్‌ఫోన్ లాంటివి ఎంఓ-1, ఎంఓ-2. ముందు సగం కేసు కథ. ఆ తర్వాత "తేల్చవలసిన అంశాలు" అని వస్తుంది. అక్కణ్నుంచి చివరి దాకా ఒక్కో పేరా చదివి, "జడ్జిగారు దేనికి అనుమానపడ్డారు?" అని తెల్లకాగితం మీద తెలుగులో రాసుకోండి. ఎక్కువ కేసుల్లో ఈ జాబితా పదికి మించదు.

ఒక కేసు ఊహించుకుందాం. కార్తీకమాసం, రాత్రి ఏడున్నర, పొలంలో బోరు దగ్గర. పక్క పొలం రైతు తన బాబాయి కొడుకును ఇద్దరు కర్రలతో కొట్టడం స్టార్టర్ డబ్బా దగ్గరున్న బల్బు వెలుతురులో చూశానంటాడు. అతనే పీడబ్ల్యూ-2. పోలీసుస్టేషన్ అదే మండలంలో ఉన్నా ఎఫ్ఐఆర్ మర్నాడు పదకొండు గంటలకు అయింది. తొమ్మిది రోజుల తర్వాత కర్ర గట్టు పక్క పొదల్లో దొరికింది. పంచనామాలో పంచులుగా ఉన్న ఇద్దరూ కోర్టులో "సంతకం మాదే సార్, ఏం రాసిండ్రో తెల్వదు" అన్నారు. ల్యాబ్ రిపోర్టు మనిషి రక్తమే అంది, ఎవరిదో తేల్చలేదు. జడ్జిగారు నాలుగు కారణాలు రాసి కొట్టేశారు: పీడబ్ల్యూ-2 చనిపోయినవాడికి చుట్టం, ఎఫ్ఐఆర్ ఆలస్యం, పంచులు హోస్టైల్ అయ్యారు, పోలీసులు గీసిన స్కెచ్‌లో బల్బు లేదు.

ఒక్కొక్కటీ చేత్తో పట్టి చూద్దాం.

చుట్టం అన్న కారణం బలహీనం. చుట్టమైనంత మాత్రాన సాక్షిని తోసేయకూడదని సుప్రీంకోర్టు 1953లో దలీప్ సింగ్ కేసు నుంచీ చెబుతూనే ఉంది. సొంత మనిషిని చంపినవాణ్ని వదిలేసి ఎవడో అమాయకుణ్ని ఇరికించాలని చుట్టం ఎందుకు అనుకుంటాడు? జాగ్రత్తగా తూచాలి, తోసేయకూడదు. ఇక్కడ మీకు అప్పీలు పాయింటు ఉంది. పంచులు మాట మార్చడమూ అంతే. ఇన్‌స్పెక్టరు సాక్ష్యం నమ్మదగ్గదైతే ఆ స్వాధీనాన్ని దాంతోనే రుజువు చేయొచ్చు. కాకపోతే ఆ కర్ర అందరూ తిరిగే చోట దొరికింది, దాని మీది రక్తం ఎవరిదో తెలియదు. కాబట్టి ఈ పాయింటు గెలిచినా చేతికి వచ్చేది తక్కువ.

ఆలస్యం సంగతి రికార్డును బట్టి ఉంటుంది. దెబ్బలు తిన్న మనిషిని ముందు రామాయంపేటకు, అక్కణ్నుంచి హైదరాబాదు ఆసుపత్రికి తీసుకెళ్లామని, రాత్రంతా అక్కడే ఉన్నామని ఫిర్యాదు ఇచ్చిన పీడబ్ల్యూ-1 కోర్టులో చెప్పాడా? ఆసుపత్రి నుంచి పోలీసులకు వెళ్లిన సమాచారం ఎగ్జిబిట్ అయిందా? అయ్యుంటే, జడ్జిగారు దాన్ని పట్టించుకోకుంటే, మంచి పాయింటు. ఎవరూ చెప్పకపోతే మాత్రం ఇప్పుడు పైకోర్టులో కొత్తగా చెప్పే వీల్లేదు. అదనపు సాక్ష్యం తీసుకునే సెక్షన్ ఒకటుంది కానీ, ప్రాసిక్యూషన్ వదిలేసిన గుంతలు పూడ్చుకోవడానికి దాన్ని మామూలుగా వాడనివ్వరు.

మిగిలింది బల్బు. కేసు మొత్తం ఇక్కడుంది. కార్తీకంలో ఏడున్నరకు చిమ్మచీకటి. పీడబ్ల్యూ-2 బల్బు మాట పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో చెప్పాడా, కోర్టుకొచ్చాకే చెప్పాడా? స్కెచ్‌లో లేదు. ఆ టైంలో కరెంటు ఉందని లైన్‌మన్‌ను పిలిచి చెప్పించలేదు. దూరమెంతో ఎవరూ కొలవలేదు. చీకట్లో ముఖాలు ఎలా గుర్తుపట్టారన్న అనుమానం ఊహల్లోంచి పుట్టింది కాదు. మీకూ నాకూ వచ్చే అనుమానమే అది.

ఇప్పుడు అసలు పరీక్ష. జడ్జిగారి కారణాల్లో తప్పువన్నీ కొట్టేయండి. మిగిలినవాటిలో ఒక్కటైనా సొంతంగా ఆ తీర్పును మోయగలదా? మోయగలిగితే, నాలుగింట్లో మూడు పాయింట్లు మీవైపున్నా అప్పీలు నిలవదు. హోస్టైల్ పంచుల గురించి ఎంత బాగా వాదించినా చీకటి చీకటిగానే ఉంటుంది. అదే కేసులో, ఘటనాస్థల పంచనామా మొదటి పేజీలోనే "స్టార్టర్ డబ్బా మీద బల్బు వెలుగుతున్నది" అని ఉండి, జడ్జిగారు దాన్ని చూడకుండా స్కెచ్ ఒక్కటే చూసి రాశారనుకోండి. అప్పుడు కథే మారిపోతుంది. రికార్డులో ఉన్న సాక్ష్యాన్ని కోర్టు చూడలేదు. పైకోర్టు జోక్యం చేసుకోవడానికి దీన్ని మించిన కారణం ఉండదు. అందుకే తీర్పు ఒక్కటి చదివితే చాలదు. చార్జిషీటు కాగితాలు, సాక్షుల వాంగ్మూలాలు, పంచనామాలు అన్నీ పక్కన పెట్టుకుని చదవాలి.

వకీలు సాబ్‌ను "గెలుస్తమా?" అని అడగడం మానేయండి. "ఏ కారణం మన కాగితాలతో పడిపోతది? ఏది పడిపోదు?" అని అడగండి. దీనికి వేలు పెట్టి పేజీ చూపించి జవాబు చెప్పగలిగిన లాయరుకే వకాలతు ఇవ్వండి.

ఎవరు వేయాలి, ఎక్కడ, ఎప్పటిలోగా?

2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్పీసీ) స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి, అప్పీళ్ల సారం పెద్దగా మారలేదు. పాత 378 ఇప్పుడు 419. ప్రభుత్వం వేసే అప్పీలు అది. హైకోర్టులో అయితే ముందు అనుమతి తీసుకోవాలి, గడువు తొంభై రోజులు. ప్రభుత్వం వేస్తుందో లేదో మీ చేతిలో ఉండదు. కానీ కేసు నడిపిన పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) దగ్గరికి వెళ్లి, అప్పీలు ఎందుకు వేయాలో రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. చాలా కుటుంబాలు ఇది చేయవు. ఫైలు మీద అభిప్రాయం రాసేవాళ్లకు మీ కాగితం కళ్లబడితే మంచిదే.

మీ సొంత హక్కు వేరే ఉంది. 2009 డిసెంబర్ 31 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో బాధితులే నేరుగా అప్పీలు వేసుకోవచ్చు. పాత 372, ఇప్పటి 413. బాధితుడు చనిపోతే వారసులు కూడా బాధితుల కిందికే వస్తారు. 2018లో మల్లికార్జున్ కొడగలి కేసులో సుప్రీంకోర్టు, దీనికి హైకోర్టు ముందస్తు అనుమతి కూడా అక్కర్లేదని తేల్చింది. అప్పీలు ఎక్కడికంటే, శిక్ష పడి ఉంటే నిందితుడు ఎక్కడికి పోయేవాడో అక్కడికి. మేజిస్ట్రేటు కోర్టు కొట్టేస్తే సెషన్స్ కోర్టు. మెదక్ 2022 జూన్‌లో విడి జ్యుడీషియల్ జిల్లా అయింది కాబట్టి నిజాంపేట వాళ్లకు ఆ పనికి సంగారెడ్డి దాకా పోవాల్సిన అవసరం తప్పింది. సెషన్స్ కోర్టే కొట్టేస్తే హైదరాబాదులో తెలంగాణ హైకోర్టు.

బాధితుల అప్పీలుకు చట్టంలో గడువు విడిగా రాయలేదు. అందుకని నింపాదిగా ఉండొద్దు. తీర్పు వచ్చిన అరవై రోజుల్లోపే వేసేయాలని మీకు మీరే గీత గీసుకోండి. కాపీకి దరఖాస్తు పెట్టిన రోజు నుంచి చేతికొచ్చే దాకా పట్టిన కాలాన్ని గడువులోంచి తీసేస్తారు, కాబట్టి ఆ తేదీలున్న ముద్ర జాగ్రత్త. దాటిపోతే ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు కానీ, కారణం చూపించాలి, ఆసుపత్రి చీటీల్లాంటి ఆధారం ఉండాలి.

అప్పీలుకు బదులు రివిజన్ వేద్దామనేవాళ్లు ఉంటారు. నిర్దోషి తీర్పును రివిజన్లో నేరుగా శిక్షగా మార్చే అధికారం హైకోర్టుకు లేదు. మీకు అప్పీలు హక్కు ఉన్నప్పుడు అప్పీలే వేయండి.

డబ్బు సంగతి దాచిపెట్టకుండా చెప్పుకోవాలి. హైకోర్టు కోసం ఎకరం అమ్మిన కుటుంబాలు మన జిల్లాలో లేకపోలేదు. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం చట్టబద్ధమైన హక్కు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. మెదక్‌లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, హైదరాబాదులో హైకోర్టు న్యాయ సేవల కమిటీ ఉన్నాయి. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఇంటి భూమి కాగితాలు బయటికి తీసేముందు ఈ ఫోన్ చేయండి.

అవతలి వైపు ఇల్లు

ఈ పుస్తకం కేసు గెలిచినవాళ్ల చేతికీ పోతుంది కాబట్టి వాళ్లకూ నాలుగు మాటలు. కోర్టు వదిలేసింది కదా అని కాగితాలు పారేయకండి. కేసు ముగిసే ముందు పైకోర్టు పిలిస్తే వస్తామని బాండు రాసిచ్చి ఉంటారు, అది ఆరు నెలలు అమల్లో ఉంటుంది. హైకోర్టు నోటీసు ఇంటికొస్తే తీసుకోండి, తప్పించుకు తిరగొద్దు. లాయరును పెట్టుకోలేకపోతే మీకూ న్యాయ సహాయం ఉంది. ఒకవేళ హైకోర్టు తీర్పు తిప్పి పదేళ్లు లేదా అంతకు మించి శిక్ష వేస్తే సుప్రీంకోర్టుకు అప్పీలు మీ హక్కు. ఒకరి అనుమతితో పని లేదు. ఇంకొకటి: అవతలి ఇంట్లో మనిషి పోయాడు. తీర్పు రోజు డప్పులు కొట్టించడం, ఫ్లెక్సీ కట్టించడం ఆ ఇంటి మీద ఉప్పు చల్లడమే. ఊళ్లో కలిసి బతకాల్సినవాళ్లు చేయకూడని పని అది.

అప్పీలు వద్దనుకుంటే

తీర్పు చదివాక, కాగితాలు చూశాక, నిజాయితీగా తూచుకున్నాక అప్పీలు నిలవదని తేలొచ్చు. అప్పుడు ఆగడం ఓటమి అనుకోకండి. ఆగినా చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది పరిహారం. నిందితుడు దొరక్కపోయినా, కేసు కొట్టేసినా బాధిత కుటుంబానికి ప్రభుత్వం నుంచి పరిహారం ఇచ్చే పథకం ఉంది. పాత 357-ఏ, ఇప్పుడు 396. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టాలి. చాలామంది దీన్ని అడగరు. కొందరికి బిడ్డ ప్రాణానికి వెల కట్టినట్టు అనిపిస్తుంది. ఆ మనసు అర్థమవుతుంది. కానీ చనిపోయినవాడి పిల్లల చదువు ఆగకూడదు. ఈ డబ్బు కేసు రాజీకి ఇచ్చేది కాదు. కాపాడలేకపోయినందుకు ప్రభుత్వం మోయాల్సిన బాధ్యత.

రెండోది, దర్యాప్తు ఎక్కడ చెడిందో రాసి ఇవ్వడం. 2014 జనవరి 7న సుప్రీంకోర్టు తీర్పిచ్చిన కిషన్‌భాయ్ కేసు గుజరాత్‌లో ఒక ఆరేళ్ల పాప మీద జరిగిన అత్యాచారం, హత్యకు సంబంధించింది. కింది కోర్టు ఉరిశిక్ష వేసింది, హైకోర్టు వదిలేసింది. సుప్రీంకోర్టు కూడా దర్యాప్తులో చేయని పనుల్ని ఒక్కొక్కటిగా రాసి, ఈ సాక్ష్యంతో శిక్ష వేయలేమని బాధపడుతూనే చెప్పింది. అంతటితో వదల్లేదు. కొట్టేసిన ప్రతి కేసునూ పరిశీలించి, ఎందుకు పోయిందో తేల్చి, తప్పు చేసిన దర్యాప్తు అధికారుల మీద చర్య తీసుకునే ఏర్పాటు చేయమని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. మీ తెల్లకాగితం మీద రాసుకున్న జాబితా ఇక్కడ పనికొస్తుంది. స్కెచ్‌లో బల్బు గీయలేదు, లైన్‌మన్‌ను సాక్షిగా పెట్టలేదు, దూరం కొలవలేదు, రక్తం ఎవరిదో తేల్చే పరీక్షకు పంపలేదు. తీర్పు పేజీ నంబర్లతో సహా రాసి, జిల్లా ఎస్పీకి, ప్రాసిక్యూషన్ అధికారులకు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. మీ కేసు తిరిగి తెరుచుకోదు. కానీ ఆ స్టేషన్లోనే మరో తండ్రి ఫిర్యాదు రాయిస్తున్నప్పుడు, స్కెచ్ గీసే చేతికి బల్బు గుర్తుకొస్తుంది.

మూడోది ఇంటి లోపలిది. ఏళ్లుగా ఇంట్లో ప్రతి నిర్ణయం కేసు తేదీల చుట్టూ తిరిగి ఉంటుంది. చిన్నకొడుకు పెళ్లి వాయిదా పడింది, బోరు మరమ్మతు ఆగింది, అమ్మ కళ్ల ఆపరేషన్ వచ్చే వాయిదా తర్వాత అనుకున్నారు. అప్పీలు వేసినా వేయకపోయినా ఆ పనులు ఈ నెలలోనే మొదలుపెట్టండి. అప్పీలు వేస్తే ఏళ్లు పడుతుంది. హైకోర్టు వాయిదాలకు బాధితులు ప్రతిసారీ రావాల్సిన పని లేదు, లాయరు ఉంటే చాలు. కేసు ఎక్కడుందో ఈ-కోర్ట్స్ యాప్‌లో పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు కొడితే తెలుస్తుంది. ఇంట్లో చదువుకున్న పిల్లకు ఆ నంబరు రాసిచ్చి, నెలకొకసారి చూడమనండి. తీర్పు కాపీ, చార్జిషీటు, కాపీ దరఖాస్తు ముద్రలున్న కాగితం, పీపీకిచ్చిన అర్జీ నకలు, పోస్టు రసీదులు ఒకే ఫైల్లో పెట్టి, ఇంట్లో ఇద్దరికి ఎక్కడుందో చెప్పి ఉంచండి. అప్పీలు విచారణ నడుస్తుండగా వేసినవారు చనిపోయినా వారసులు దాన్ని కొనసాగించవచ్చని 2025లో సుప్రీంకోర్టు ఖేమ్ సింగ్ కేసులో చెప్పింది, కాబట్టి ఆ ఫైలు మీ తర్వాతి వాళ్లకూ కావాలి.